గడప రాళ్లు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, బాబాయి, నేను ఉన్నాం. మేం కాక, కొండ మీద సైకిళ్లు తొక్కడానికి వచ్చిన అన్నాచెల్లెళ్లు ఇద్దరు. అన్న తలమీది హెల్మెట్ తీయకుండానే వంటింటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"మా ఇంటి కప్పు గట్టిదే బాబూ, భయపడకు," అంది నానమ్మ.

లోపల అమ్మ కిసుక్కున నవ్వింది. ఆయన సిగ్గుపడి హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కొండ మీద పాత గని కాలనీ ఉంది. గనిలోకి నీళ్లొచ్చి మూతపడ్డాక అందరూ దిగి వచ్చేశారు. మిగిలినవి మొండిగోడలే. సెలవు రోజుల్లో జనం వస్తే బాబాయి వాళ్లను జీపులో ఎక్కించి, పైన టెంట్లు వేసి, నెగడు పెడతాడు. నానమ్మ కొత్తగా కాపురానికి వెళ్లింది ఆ కాలనీకే. మోకాళ్లు బాగున్నన్నాళ్లూ పుల్లలకని చెప్పి అప్పుడప్పుడు ఒక్కతే ఎక్కి వచ్చేది. తర్వాత ఎక్కలేక, "నన్నొకసారి తీసుకెళ్లరా" అని బాబాయిని అడిగేది. "సీట్లు ఖాళీ లేవమ్మా, వచ్చే వారం చూద్దాం" అనేవాడు బాబాయి. ఆ వచ్చే వారం ఎన్నడూ రాలేదు.

ఆ రోజు హెల్మెట్ ఆయన ఆ మాట విన్నాడు. "మేం సైకిళ్ల మీద వచ్చేస్తాం. పెద్దావిడని జీపులో కూర్చోబెట్టండి," అన్నాడు. బాబాయి ఇక తప్పించుకోలేకపోయాడు.

తోడుగా నన్ను పంపారు. నానమ్మ ఎందుకు వెళ్తోందో నాకొక్కదానికే తెలుసు. నాకు తల దువ్వుతూ ఒకసారి చెప్పింది. నాన్న కంటే ముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టకముందే పోయింది. పసిబిడ్డ పోతే ఆ ఇంటి గడప రాయిని ఊడదీసి బిడ్డ మీద పరచడం గని కాలనీ వాళ్ల పద్ధతి. రాయి మీద రాత ఉండదు. తర్వాత పుట్టిన పిల్లలకు ఆ సంగతి తల్లి నోటితో చెప్పకూడదట. అందుకే నాన్నకూ, బాబాయికీ తెలియదు.

"నా రాయికి ఎడం పక్కన గుంట ఉంటుందే. కత్తి నూరీ నూరీ అరిగిపోయింది," అంది అప్పుడు.

పైన జీపు దిగి, నా భుజం పట్టుకుని ఇళ్ల వెనక్కి నడిచింది. అక్కడ నేలంతా చదును చేసి ఉంది. ఎర్రమట్టి మీద సైకిల్ చక్రాల చారలు. నానమ్మ కళ్లకు శుక్లాలు. కనబడక, చేతికర్రతో నేలను తడుముతూ అటూ ఇటూ తిరిగింది.

"ఇక్కడ రాళ్లుండాలిరా," అంది వెనకే వచ్చిన బాబాయితో.

"ఆ గడప రాళ్లా? ఎవడో దొంగ ఇళ్ల నుంచి ఊడబెరికి, తర్వాత పట్టుకుపోదామని వరసగా పరుచుకున్నాడమ్మా. వాడి నోట్లో మట్టి కొట్టి నేనే ఎత్తుకొచ్చేశా," అన్నాడు బాబాయి హుషారుగా. "నెగడు చుట్టూ వేస్తే కూర్చోవడానికి అతికినట్టు సరిపోయాయి. ఈ నేలేమో సైకిళ్లకి పనికొచ్చింది."

నానమ్మ నిలబడినచోటే కూలబడింది. నలుగురిలో నోరు పెగలని నేను, ఆ విషయం బాబాయికి చెప్పాను. అప్పుడే ఆ అన్నాచెల్లెళ్లు సైకిళ్ల మీద అక్కడికి చేరారు. నా మాటలు విని చెల్లెలు గబుక్కున దిగి, సైకిల్‌ని తొక్కకుండా, నెట్టకుండా, రెండు చేతులతో ఎత్తి బయటికి మోసుకెళ్లింది.

బాబాయి నెగడు దగ్గరికి పరుగెత్తి ఒక శుభ్రమైన రాయి మోసుకొచ్చాడు. నానమ్మ ముందు పెట్టాడు.

"ఇదేనమ్మా. నీదే ఇది."

నానమ్మ దాన్ని తడిమింది. అది అక్కడక్కడా పెచ్చులూడి ఉంది. ఆమె వేళ్లు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

"గుంట ఉందా? చూసి చెప్పవే."

బాబాయి ఆమె వెనక నిలబడి నావైపు రెండు చేతులూ జోడించాడు. నాకంటే అంత పెద్దవాడు నాకు దణ్ణం పెట్టడం నేను చూడలేకపోయాను. గుంట ఉన్న రాయి అప్పటికే నా కంటబడింది. నెగడు వేడికి రెండు ముక్కలై, మసిబారి, బూడిదలో పడి ఉంది.

"లేదు నానమ్మా. నీది అక్కడుంది. పగిలిపోయింది."

ఆమె ఏడవలేదు. బాబాయే ఏడ్చాడు. "ఒట్టి రాళ్లే అనుకున్నానమ్మా. రేపే అన్నీ ఎక్కడివక్కడ పెట్టేస్తాను."

"ఏది ఏ బిడ్డదో నీకు తెలుసా?"



"మేం ఇక్కడికి రావడమే తప్పు," అన్నాడు హెల్మెట్ ఆయన.

"రావడానికేం బాబూ! మేమూ ఈ కొండంతా తిరిగినవాళ్లమే. తిరగండి, పాడుకోండి. అడక్కుండా ఏదీ కదిలించకండి."

"ఎవర్ని అడగాలమ్మా?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నానమ్మ మొండిగోడల వైపు ముఖం తిప్పింది. చెప్పడానికి ఒక్క మనిషి కూడా తట్టినట్టు లేదు.

రెండు ముక్కలూ జీపులో వేసుకుని దిగాం. దారంతా నానమ్మ వాటి మీద చెయ్యి తీయలేదు.

విషయం తెలిసి నాన్న నామీద విరుచుకుపడ్డాడు. "గుంట ఉందని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది? ముసలి ప్రాణం, ఆ రాయి పక్కన కాసేపు కూర్చుని తృప్తిగా దిగొచ్చేది కదే!"

"పిల్లచేత అబద్ధాలాడిస్తారా?" అంది అమ్మ.

"నువ్వూరుకో. మీ ఇద్దరి నిజం మా అమ్మకేం ఒరగబెట్టింది?"

బాబాయి అన్నం ముట్టకుండా జీపులోనే కూర్చున్నాడు.

దీపాలు వేసే వేళకు దిండు పట్టుకుని నానమ్మ గదికి వెళ్లాను. నేను పడుకునేది అక్కడే. నా పక్క మీద నా దుప్పటి పరిచి, కడిగిన రాతి ముక్కలు రెండూ దగ్గరగా జరిపి పెట్టి ఉన్నాయి. నానమ్మ కొంగుతో వాటిని తుడుస్తోంది. ఎంత తుడిచినా మసి పోలేదు.

"మీ అమ్మ దగ్గర పడుకో."

"నేను కింద పడుకుంటాలే నానమ్మా."

"వద్దు."

"నానమ్మా, గుంట ఉందని నేను చెప్పాల్సిందా?"

ఆమె మోకాళ్ల మీద చేతులు వేసుకుని మెల్లగా లేచింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఏదో అంటుందని ఎదురుచూస్తూ ఉండగానే నా ముఖం మీద తలుపు వేసేసింది.