కరడికొండ చుట్టూ

లోహిత్ మళ్ళీ నీడలో నిలబడి ఉన్నాడు. సైకిలును చింతచెట్టుకు ఆనించి, హెల్మెట్ తీసి, నీళ్ళు తాగి, చెమట ఆర్చుకుని, హాయిగా సేదతీరి ఉన్నాడు. ఎగువంతా ఎక్కి ఊపిరి ఎగబోస్తూ దివ్యశ్రీ అక్కడికి చేరి, కాలు నేలమీద పెట్టిందో లేదో అతను హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు.

"పోదామా?" అన్నాడు.

పొద్దున్నుంచి ఇదే వరస. అతను ముందు పోతాడు, ఆగుతాడు. ఆమె చేరేసరికి అతని విశ్రాంతి పూర్తవుతుంది. ఆమెది మొదలే అవదు. పైగా, తను భార్య కోసం ఆగి ఎదురుచూస్తున్నానని అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆమెకు మండేది అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వదిలేయవచ్చు. మంచిపని చేస్తున్నాననుకునేవాణ్ణి ఏమని తిట్టాలి?

"నీళ్ళు తాగనీ," అంది.

"తాగు, తాగు. శానాసేపు నిలబడితే కాళ్ళు పట్టేస్తాయి దివ్యా. నేను మెల్లిగా పోతా ఉంటాను, నువ్వు రా."

ఆమె సీసా మూత తిప్పేలోపే అతని నారింజరంగు చొక్కా మలుపు తిరిగింది.

శూలగిరి దాటి అత్తిముగం వైపు మళ్ళి, ఇంకా లోపలికి పోతే వస్తుంది కరడికొండ. కరడి అంటే ఎలుగుబంటి. ఒకప్పుడు అవి తిరిగేవట, అందుకే ఆ పేరు. అడవిలోకి ఎవరినీ పోనివ్వరు. అడవి అంచును పట్టుకుని, కొండ చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చేట్టు నున్నటి తారుదారి ఒకటి వేశారు. సెలవురోజుల్లో హోసూరు నుంచి, బెంగళూరు నుంచి జనం కార్ల మీద సైకిళ్ళు కట్టుకుని వస్తారు. ఒకపక్క కరెంటు కంచె, దాని వెనక బోదగడ్డి, ఆ పైన మంచు వీడుతున్న నల్లటి బండలు. మరోపక్క కోసిన రాగిచేలు, మామిడితోపులు, ఏనుగులకు కాపలా కాసే మంచెలు. చూడవలసిన చోటే. కాదని ఆమె కూడా అనదు.

ఆమె వచ్చింది మాత్రం చూడడానికి కాదు.

నాలుగు నెలల కిందట, ఎనిమిదో నెలలో, వాళ్ళకు పుట్టిన ఆడబిడ్డ ఊపిరి తీసుకోలేదు. ఆపరేషన్ మత్తులోంచి దివ్యశ్రీకి తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంటికొచ్చి చూస్తే చిన్నగుడ్డలు లేవు, దోమతెర లేదు, గోడకు అంటించిన బొమ్మలు కూడా లేవు. లోహిత్ అన్నీ సర్దేశాడు. సర్దడంలో అతను దిట్ట. ఫ్యాక్టరీలో అతని ఉద్యోగమే అది: లైను ఎక్కడైనా ఆగితే, ఆపినదాన్ని తప్పించి మళ్ళీ నడిపించడం. నెల తిరక్కుండా ఆమెకు సైకిలు కొనిపెట్టాడు. డాక్టరు ఒంటికి పని కల్పించమన్నాడని చెప్పాడు.

బిడ్డ మాట మాత్రం అతని నోట ఒక్కసారి రాలేదు. మదనపల్లె నుంచి వాళ్ళమ్మ ఫోను చేస్తే "బాగుండాము" అంటాడు. దివ్యశ్రీ ఆ మాట ఎత్తబోతే గీజరు గురించో, బండి సర్వీసు గురించో మాట్లాడతాడు. ఆమెకు కావలసింది ఓదార్పు కాదు. ఒక బిడ్డ ఉండిందని అతను నోరు తెరిచి అనాలి. అతను అనకపోతే, తన ఒంట్లో ఎనిమిది నెలలు జరిగినదంతా తనొక్కతే కల్పించుకున్నదైపోతుంది. ఆ భయం పట్టపగలే వస్తుంది, బజారులో అనపకాయలు ఏరుకుంటుంటే వస్తుంది. ఇవాళ ఎలాగైనా అనిపించాలని వచ్చింది. దారి వెడల్పుగా ఉంటుందన్నాడు కదా, పక్కపక్కన తొక్కుకుంటూ పోతే, ఇద్దరూ ముందుకే చూస్తుంటారు కాబట్టి, మొహం చూడకుండా చెప్పడం అతనికి సులువవుతుందని లెక్కవేసుకుంది.

ఇప్పుడు ఆమెకు ముందు ఉన్నది అతని వీపు. అదైనా మలుపు మలుపుకూ మాయమవుతోంది.

"నెమళ్ళు దివ్యా! చూడు, చూడు!" ఎక్కడినుంచో కేక వినిపించింది. ఆమె చేరేసరికి నెమళ్ళు లేవు. కంచె అవతల గడ్డి ఇంకా కదులుతోంది. అందం కూడా అతను చూసి వదిలేసినదే తనకు అనుకుంది. ఆ మాట అన్యాయమని తెలుసు. నెమళ్ళను అతను తోలలేదు. కానీ పెద్ద కోపం లోపల పట్టనప్పుడు చిన్నచిన్న వస్తువుల మీదికి పొర్లుతుంది. నారింజరంగు చొక్కా మీద కోపం. దాని వీపున ఉన్న మూడు జేబుల మీద, ఆ జేబుల్లో కొలిచి పెట్టుకున్న ఖర్జూరాల మీద కోపం. ఏడ్చి అలిసిపోతే నిద్ర పడుతుంది. కోపం అలా కాదు, తొక్కేకొద్దీ కాళ్ళకు బలమిస్తుంది. దిగువ రాగానే ఆమె బ్రేకు వదిలేసింది. అందుకుంటాను, పక్కకు పోతాను, అడుగుతాను.

మలుపు తిరిగింది. దారి మీద దారి లేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎండిన ఉలవ తీగలు జానెడెత్తున పరిచి ఉన్నాయి. ముందు చక్రం వాటిలోకి దూరి పక్కకు జారింది. సైకిలు ఒకవైపు, ఆమె ఒకవైపు.

"ఏమ్మా! కండ్లు యాడ పెట్టుకోని వస్తా ఉండావు?"

గట్టు మీంచి ఒక ముసలామె పంగలకర్రతో లేచి వచ్చింది. నడుముకు బిగించిన చీర, తలకు చుట్టిన తువ్వాలు.

"దారిలో ఎవరైనా ఉలవలు పరస్తారా అవ్వా?" దివ్యశ్రీ పడినచోటే కూర్చుని అరిచింది. ఎన్నాళ్ళనుంచో ఎవరి మీదైనా అలా అరవాలని ఉంది.

"యాడ పరచమంటావు, నీ తల మీదనా? పెద్దరోడ్డు మీద పరిస్తే లారీలోళ్ళు తొక్కి పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆడ పోలీసోళ్ళు తరమతా ఉండారు. ఇది కొత్త దారి, దండిగా బండ్లు పోతాయని మావోడు ఈడికి మోసుకొచ్చినాడు." ఆమె కర్రతో తీగలు ఎత్తి చూపించింది. "పొద్దున్నుంచి ఎంతమంది పోయినారో. ఒక్క కాయ పగిలిందా? సైకిలోళ్ళంతా గాలిమనుషులు. అన్నం తింటారో లేదో!"

"నా మోకాలు పగిలింది. చాలదా?"

ముసలామె ఒక్క క్షణం చూసి, నోట్లో ఉన్న రెండు పళ్ళూ కనబడేట్టు నవ్వింది. "నోరుండాది నీకు. రా, ఇట్లా నీడకు రా." గట్టు మీది చెంబు తెచ్చి మోకాలి మీద నీళ్ళు పోసింది. కడుగుతున్న చెయ్యి మొరటుగా ఉంది, జాలి లేకుండా ఉంది. దివ్యశ్రీకి అది బాగుంది. పేరడిగితే కెంచమ్మ అని చెప్పింది. కొడుకు మునెప్ప మొపెడ్‌కు పెట్రోలు పోయించుకోను పోయినాడని, వాడొచ్చి ఆ బండితో ఉలవల మీద తిరిగితే గాని గింజ రాలదని చెప్పింది.

అప్పుడు లోహిత్ తిరిగి వచ్చాడు. ఎదురుచూసి, రాకపోయేసరికి వచ్చాడు. భార్యను చూశాడు, కూర్చుని ఉంది, బాగానే ఉంది. తీగల్లో కూరుకుపోయిన సైకిలు దగ్గర వంగి, వెనక చక్రం తిప్పి చూశాడు.

"గేరు వంగిపోయింది," అన్నాడు. "ఏమమ్మా, ఇది సైకిళ్ళ దారి. ఈడ ఇట్లా పరిస్తే ఎట్లా? ఎవరికైనా తల పగిలితే? కంప్లెయింట్ ఇస్తాను నేను."

"ఇయ్యప్పా, పో. పెండ్లాము మోకాలు రక్తం కారతా ఉండాది, నువ్వు చక్రం తిప్పతా ఉండావే!" కెంచమ్మ అతన్ని అంతటితో వదిలేసి, పైట చెంగుతో దివ్యశ్రీ మోకాలు తుడుస్తూ, ఎవరినైనా అడిగేట్టే అడిగింది. "బిడ్డలు ఎంతమంది తల్లీ?"

"మాకు లేరమ్మా," అన్నాడు లోహిత్, చైను లాగుతూ. తల కూడా ఎత్తలేదు.

అంత సులువుగా అన్నాడు. అడిగింది దివ్యశ్రీని. ఆమె నోరు తెరిచేలోపే, సైకిలు మీద ముందుపోయినట్టే, ఇక్కడా ముందుపోయి జవాబు పెట్టేశాడు.

"సరిగ్గా చెప్పు," అంది.

"ఏంది?"

"ఆయమ్మ అడిగినదానికి సరిగ్గా చెప్పు."

లోహిత్ లేచి నిలబడ్డాడు. చేతులు నల్లగా చైను నూనె. "దివ్యా, ఈడ వద్దు. ఇంటికి పోయి మాట్లాడదాం."

"ఇంట్లో గీజరు ఉండాది, ఫ్యాను ఉండాది, వాటి గురించి మాట్లాడతావు. ఈడ ఏమీ లేదు. ఈడే చెప్పు."

"ముక్కూ మొహం తెలీని ఆయమ్మకా?"

"తెలిసినోళ్ళకు చెప్పినావా? మీ అమ్మకు చెప్పినావా? నాకు చెప్పినావా?" ఆమె గొంతు బండలకు తగిలి తిరిగి వచ్చింది. "ఉండింది అవ్వా. ఆడబిడ్డ. ఎనిమిది నెలలు నా కడుపులో తన్నింది. పుట్టి కేక వెయ్యలేదు. ఈయన లేరంటా ఉండాడు."

కెంచమ్మ అయ్యో అనలేదు. మోకాలి మీది చెయ్యి తీయలేదు. అడిగింది:

"యాడ పెట్టినారు?"

ఆ ఊళ్ళలో చిన్నబిడ్డలను కాల్చరు. సొంత చేని గట్టున పూడుస్తారు. ఆ తరువాత ఆ గట్టుకు నాగలి తగలనివ్వరు. కెంచమ్మ గడ్డంతో అవతలి చేను చూపించింది. "మా రెండోది అదో, ఆ సీతాఫలం చెట్టు కింద ఉండాది. నీది యాడుండాది?"

దివ్యశ్రీకి తెలియదు. నాలుగు నెలలు అతను ఒక మాట అనలేదని కుమిలింది గాని, ఈ ప్రశ్న తను ఎన్నడూ అడగలేదు. అడిగితే, ఏదో ఒక చోటు అంటూ ఉంటుంది. చోటు ఉంటే, అక్కడ బిడ్డ ఉంటుంది. ఆ నిజానికి తనూ మొహం తిప్పుకునే ఉంది. అది తెలిసి కోపం తగ్గాల్సింది. తగ్గలేదు, రెండింతలైంది.

"యాడ పెట్టినావు?" అంది అతనితో.

లోహిత్ తారు మీదికి చూశాడు. "మనకు ఈడ అడుగు నేలుండాదా దివ్యా? మూడో అంతస్తులో అద్దెకుండాము. యాడ పెట్టేది?"

"అయితే?"

"ఆస్పత్రిలో వాళ్ళే చూసుకుంటామన్నారు. ఇచ్చేసినాను." అతను నూనె చేతులు చొక్కాకు రుద్దుకున్నాడు. "ఊరికి తీసకపోదామనుకున్నాను. నువ్వు లోపల ఉండావు, నిన్నిడిసిపెట్టి యాడికి పోయేది? ఎవరిని అడిగేది? వాళ్ళు చెయ్యి చాపినారు. ఇచ్చేసినాను."

"నువ్వు ఎత్తుకున్నావా?"

"ఊఁ."

"చూసినావా?"

కంచె అవతల ఏదో పిట్ట ఒకటే కూత కూస్తోంది.

"జుట్టుండింది," అన్నాడు. "తల నిండా. నల్లగా. తడిగా."

ఆమె చేతికందిన ఉలవ తీగలు గుప్పిట నిండా పెరికి అతని మొహాన కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఎండుకాయలు పగిలి గింజలు అతని చొక్కా మీదా, రోడ్డు మీదా రాలాయి. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"నాలుగు నెలలు! ఆ జుట్టు నాకు చెప్పకుండా నువ్వొక్కడే పెట్టుకుంటావా? నేను మోసినాను దాన్ని! నా బిడ్డ జుట్టు నాకు తెలీదు, నీకు తెలుసు!"

"చెప్తే నువ్వు తట్టుకోలేవని…"

"ఎవరు తట్టుకోలేంది? నేనా, నువ్వా?"

అతను నూనె చేతులతోనే మొహం తుడుచుకుని దారి మధ్యన, ఉలవల మీద కూలబడ్డాడు.

అప్పుడే మునెప్ప మొపెడ్ చప్పుడు చేసుకుంటూ వచ్చి, దారికడ్డంగా ఉన్న మనుషులను చూసి హారను కొట్టాడు. "ఎవరమ్మా వీళ్ళు? లెయ్యమను, ఎండ ఎక్కతా ఉండాది!"

"ఇంజను ఆపరా," అంది కెంచమ్మ, అతనివైపు తిరగకుండానే. "ఉలవలు యాడికీ పోవు."

ఇంజను ఆగింది. దివ్యశ్రీ కుంటుకుంటూ పోయి లోహిత్ ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అతని మీద ఆమెకు జాలి లేదు. ఉండాలని కూడా ఆమెకు లేదు. అతని దగ్గర ఇంకా ఏమేం దాగి ఉన్నాయో ఒక్కొక్కటీ లాక్కోవాలి, ఎంతసేపైనా సరే, ఎవరు చూస్తున్నా సరే.

"చేతులు ఎట్లుండినాయి?" అంది. "చెప్పు. వేళ్ళు చెప్పు."