పుణె పోయాడని చెప్పిన కొడుకు

పొద్దున లేవగానే కౌసల్యమ్మ చేసే మొదటి పని కొడుకు గది తలుపుకు చెవి ఆనించడం. లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినబడాలి. దగ్గు వినబడితే ఇంకా మంచిది. ఒక్కోరోజు మంచం కిర్రుమనేది. ఏదో ఒకటి చెవినబడేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది కాదు. ఆ తర్వాతే వాకిలి ఊడ్చేది.

వాళ్ళది కర్దనూర్. భర్త మొగులయ్యకు ఊరవతల ఇంకా కొంత పొలం మిగిలి ఉంది. కూతురు నిషిత పటాన్‌చెరులో కారు విడిభాగాలు తయారుచేసే కంపెనీలో, ల్యాబులో పనిచేస్తుంది. కొడుకు శ్రీకాంత్ మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ మీద ఆపరేటర్‌గా ఉండేవాడు.

వానాకాలంలో ఒకరోజు శ్రీకాంత్ చాయ్ తాగుదామని గేటు దాటి బయటికొచ్చిన సమయంలో ఆ రియాక్టర్ పేలిపోయింది. షెడ్డులో ఉన్నవాళ్ళు ఎవరూ బతకలేదు. అతని ఒంటిమీద గీత కూడా పడలేదు. దేవుడు కాపాడిండని ఊరు ఊరంతా ఇంటికొచ్చి చూసిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు. ఎట్లయింది? నువ్వు చూసినవా? నువ్వొక్కనివే ఎట్ల బయటపడ్డవు? మొదట్లో ఓపిగ్గా చెప్పాడు. తర్వాత ఒడిశా నుంచి ఒకామె వచ్చింది. ఆ షెడ్డులో చనిపోయిన హెల్పర్ భార్య. ఆమె హిందీలో ఒకే మాట అడిగింది: ఆయన చివరగా ఏమన్నాడు?

శ్రీకాంత్ ఆమె ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు.  ఆమె లేచి దండం పెట్టి వెళ్ళిపోయింది. అతను గదిలోకి పోయి తలుపుకు బేడం పెట్టుకున్నాడు.

దసరా పోయింది, దీపావళి పోయింది. తలుపు తెరుచుకోలేదు. గదికి ఆనుకునే బాత్రూం ఉంది, కాబట్టి బయటికి రావలసిన అవసరమూ పడలేదు. కౌసల్యమ్మ కంచం గుమ్మం ముందు పెట్టి పక్కకు పోయేది. కాసేపటికి వచ్చి చూస్తే ఖాళీ కంచం ఉండేది. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా లోపల ఏదో కిందపడ్డ చప్పుడొచ్చేది. ఆమె కుక్కర్‌ను అటకెక్కించి గిన్నెలో వండటం మొదలుపెట్టింది.

మొగులయ్య తలుపు కొట్టాడు, తిట్టాడు, ఒకసారి ఏడ్చాడు. 

"మీవోడు కనబడ్తలేడు?" అని పక్కింటి అరుణమ్మ గోడ మీదుగా అడిగిననాడు కౌసల్యమ్మ నోటికి ఎట్లా వచ్చిందో, "పుణె పోయిండు. అక్కడ కొల్వు దొరికింది" అనేసింది. ఆ మాట ఊరంతా పాకింది. అప్పటినుంచి ఆమెకు కొత్త భయం పట్టుకుంది. ఎవరైనా ఇంటికొచ్చినప్పుడు లోపల దగ్గితే? బకెట్ చప్పుడైతే? చుట్టాలొస్తే టీవీ సౌండు పెంచేది. రాను రాను పిల్లవాడు లోపల చప్పుడు చేసినా భయమే, చేయకపోయినా భయమే.

నిషితకు జపాన్ డ్రామాలు చూసే అలవాటు కంపెనీ వల్ల అయింది. జపాన్ ఇంజనీర్లు వస్తూపోతూ ఉంటారని కంపెనీవాళ్ళు భాష క్లాసు పెట్టించారు. డ్రామాలు చూస్తే చెవికి అలవాటవుతుందని టీచర్ చెప్పింది. బస్సులో ఫోన్‌లో, కింద పడే ఇంగ్లీషు మాటలు చదువుకుంటూ చూసేది. మొదట విసుగనిపించింది. అందులో ఎవరూ గట్టిగా అరవరు. మన సీరియళ్ళలోలా చెంపదెబ్బ పడితే ముగ్గురి మొహాలు తిప్పితిప్పి చూపించరు. ఒకామె బియ్యం కడుగుతుంటే కడుగుతున్నంతసేపూ చూపిస్తారు. తర్వాత తర్వాత ఆమెకు అర్థమైంది, ఇంట్లో ఎవరూ నోరు విప్పి అనలేని సంగతులే వాళ్ళు డ్రామాలుగా తీస్తున్నారని. మేనేజర్ లేస్తే తప్ప కుర్చీలోంచి లేవలేని ఉద్యోగి, చచ్చిపోతే చాలారోజులదాకా ఎవరికీ తెలియని ముసలామె. అట్లాంటివే అన్నీ.

చలికాలం మొదట్లో ఒక డ్రామా దొరికింది. చిన్న ఊళ్ళో ఒక తల్లి, ఒక తండ్రి, గది దాటి రాని కొడుకు. మొదటి ఎపిసోడ్‌ను నిషిత రెండుసార్లు చూసింది. కొడుకు వేషం వేసిన నటుణ్ణి ఆమె ఇంకో డ్రామాలో నవ్వించే పోలీసుగా చూసింది. ఇందులో అతని మొహమే కనబడదు. తలుపు కొంచెం తెరుచుకుంటుంది, ఒక చెయ్యి బయటికొచ్చి అన్నం పళ్ళెం లోపలికి లాక్కుంటుంది. అంతే. ఆ చేతిని చూస్తేనే మనిషి ఎంత చిక్కిపోయాడో, ఎంత సిగ్గుపడుతున్నాడో తెలిసిపోయేది. ఆ వేషం కోసం కొన్నాళ్ళు ఎవరినీ కలవకుండా ఒక గదిలో ఉన్నానని ఆ నటుడు ఇంటర్వ్యూలో చెప్పాడు. మొదట్లో బయటికి పోవాలనిపించిందట. తర్వాత అనిపించలేదట. దానికే భయపడ్డానన్నాడు.

నిషిత దాన్ని తల్లికి చూపించింది. శ్రీకాంత్ గది ముందు నడవలో చాప వేసుకుని, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, అందులో వాళ్ళు అనే మాటలను మెల్లగా తమ మాటల్లోకి మార్చి చెప్పింది.

"గీమె ఏమంటుంది?" అని అడిగింది కౌసల్యమ్మ. తెరమీద తల్లి పక్కింటామెకు వంగి వంగి దండాలు పెడుతూ నవ్వుతోంది.

"కొడుకు టోక్యోల కొల్వు జేస్తుండని చెప్తుంది."

కౌసల్యమ్మ చెయ్యి చటుక్కున ఫోన్ మీదికి పోయింది. "బంద్ జెయ్యి."

"అమ్మా..."

"బంద్ జెయ్యమన్ననా? మనింట్ల సంగతి గాళ్ళకెట్ల తెల్సు?"  ఎవరో కిటికీలోంచి తొంగిచూసి ఊరందరికీ చూపించినట్టుగా ఉంది ఆమెకు.

"మనింట్లది కాదమ్మా. ఆ దేశంల గిట్ల అర్రల తలుపేసుకొని ఉన్నోళ్ళు లక్షల మంది ఉన్నరట. దానికి ఒక పేరే పెట్టుకున్నరు."

కౌసల్యమ్మ అడిగింది. "పేరు పెట్టిన్రంటే మందు గూడ ఉంటదా?"

నిషిత ఫోన్ ఆపేసింది.

మర్నాడు సాయంత్రం కౌసల్యమ్మే చాప వేసింది. "నిన్నటిది పెట్టు" అంది. ఆ రోజునుంచి నిషిత డ్యూటీ నుంచి రాగానే అదే వరస. ఒక సంగతి ఇద్దరూ గమనించారు. డ్రామా మొదలవగానే గదిలో చప్పుడు ఆగిపోయేది. మంచం కిర్రుమనేది కాదు. తలుపవతల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు అనిపించేది. కౌసల్యమ్మకు, లోపలున్నది తన కొడుకే అయినా, అట్లా నిలబడి వింటున్నది వేరెవరో అనిపించేది.

"గింత జరుగుతుంటే గాళ్ళ పక్కింటోళ్ళు వచ్చి అడగరా?" అంది ఒకరోజు.

"అడిగితే వాళ్ళు చిన్నబోతరని అడగరంట."

"మనకాడైతే అడిగి అడిగి పానం తోడ్తరు."

"అడుగుతరనే కదమ్మా నువ్వు పుణె అంటివి. వాళ్ళు అడగకుంట, మనం చెప్పకుంట. రెండిండ్లల్ల తలుపు మూసే ఉంది."

కౌసల్యమ్మ కొడుకు గది తలుపు వైపు చూసింది.

ఎనిమిదో ఎపిసోడ్‌ను నిషిత బస్సులో ఒక్కతే ముందుగా చూసింది. అందులో తండ్రి మనుషులను కిరాయికి తెచ్చి తలుపు పగలగొట్టిస్తాడు. తలుపు విరిగి పడేసరికి గది ఖాళీగా ఉంటుంది. తెరిచిన కిటికీ దగ్గర పరదా ఊగుతుంటుంది. ఆ నటుడి మొహాన్ని మొదటిసారి చూపించింది అప్పుడే, కింద, నేలమీద, మూగిన జనం మధ్య. నిషిత తన స్టాపులో దిగడం మరచిపోయి బీరంగూడ దాకా పోయింది. ఇంటికొచ్చి తల్లితో, "నెట్టు వస్తలేదు" అని చెప్పింది. మిగతా ఎపిసోడ్లు చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆ ఆదివారం పొద్దున కౌసల్యమ్మ చెవి ఆనిస్తే ఫ్యాన్ చప్పుడు లేదు. చలికాలం కదా, ఆపేశాడేమో అనుకుంది. దగ్గు లేదు. మంచం చప్పుడు లేదు. గుమ్మం ముందు రాత్రి పెట్టిన కంచం అట్లాగే ఉంది. అన్నం మీద చీమలు పట్టి ఉన్నాయి.

"శ్రీకాంతూ" అని గుసగుసగా పిలిచింది. పక్కింట్లో అరుణమ్మ బట్టలు ఉతుకుతోంది. గట్టిగా పిలవలేకపోయింది. "నాయినా, ఒక్కపారి దగ్గురా. మాట్లాడకున్న మానె."

లోపలినుంచి ఏ చప్పుడూ రాలేదు. ఆమె ఆ తలుపు ముందే కూర్చుని నిషితను సైగతో పిలిచింది.

నిషిత పొలం దగ్గరికి ఫోన్ చేసింది. మొగులయ్య బండి మీద వచ్చాడు. వస్తూనే కొట్టంలోంచి గడ్డపార పట్టుకొచ్చాడు. నిషిత తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వద్దు నాయినా. తలుపు పలగ్గొట్టొద్దు."

"జరుగు."

"అన్న బుగులుతోని ఏమన్న చేసుకుంటడు. నేను చూసిన."

"ఏడ జూసినవ్? ఆ ఫోన్లనా?" మొగులయ్య గడ్డపార ఎత్తాడు. "లోపట వాడు ఏ హాల్‌ల పడి ఉన్నడో! డ్రామాలు జూసి నా కొడుకును చంపుతవా?"

నిషిత అక్కడే నిలబడింది. తండ్రి అన్నదీ నిజమే. లోపల అన్న స్పృహ తప్పి ఉంటే, తను అడ్డం నిలబడ్డ ప్రతి నిమిషమూ తనదే పాపం. పక్కకు జరిగితే ఆ పరదా ఊగడం కళ్ళముందుకు వస్తోంది. ఆ డ్రామా తనకు బుద్ధి చెప్పిందో, లేక పిరికిదాన్ని చేసిందో ఆమెకు తెలియలేదు. ఏడుస్తూ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఏమైందో చెప్పేసింది.

గడ్డపార మొగులయ్య చేతిలోనే ఆగింది. కౌసల్యమ్మ కూతురి మొహంలోకి చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

ఆ గది కిటికీ అరుణమ్మ పెరట్లోకి ఉంటుంది. అటు నేల పల్లం, కిటికీ ఎత్తు. నిచ్చెన లేకుండా అందదు. అరుణమ్మ చేతుల నిండా సబ్బు నురగతో తలెత్తి చూసింది.

"అరుణమ్మా, నా కొడుకు పుణెల లేడు" అంది కౌసల్యమ్మ. "ఇంట్లనే ఉన్నడు. అర్రల ఉన్నడు. పలుకుతలేడు."

అరుణమ్మ ఆశ్చర్యపోలేదు. "నాకెర్కే అక్కా. ఆ కిటికీల లైటు నాకు కనబడదా? నువ్వు చెప్పకపోతివి, నేను అడిగితే నీకెట్లుంటదో అని ఊకున్న." అంటూనే తడి చేతులతో నిచ్చెన లాగింది.

కౌసల్యమ్మ ఏనాడూ నిచ్చెన ఎక్కిన మనిషి కాదు. అరుణమ్మ కింద పట్టుకుంటే ఎక్కింది. కిటికీ అద్దానికి లోపలినుంచి పేపరు అంటించి ఉంది. ఒక మూల చిరిగింది. అక్కడ కన్ను పెట్టింది. మొదట చీకటి తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత మంచం కాలు, దాని పక్కన నేలమీద దుప్పటి. దుప్పట్లోంచి బయటికి ఒక చెయ్యి. ఎముకకు తోలు అంటుకున్నట్టుంది. కదలడం లేదు.

ఇన్ని నెలలుగా గుసగుసలాడిన ఆమె గొంతు ఒక్కసారి లేచింది. "శ్రీకాంతూ! ఓ శ్రీకాంతూ!" ఆ కేక వాడకట్టంతా వినబడింది. రోడ్డుమీద పోతున్నవాళ్ళు ఆగారు. "నేను అందరికి చెప్పిన కొడకా! నువ్వు ఇంట్లనే ఉన్నవని చెప్పిన! లెవ్వు!"

చెయ్యి కదిలింది.

దుప్పటి మెల్లగా తొలగింది. శ్రీకాంత్ మోచేతులమీద పాకుతూ తలుపు వైపు పోవడం ఆమె ఆ చిరుగులోంచి చూసింది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. ఆగినప్పుడల్లా ఆమె మళ్ళీ అరిచింది. నడవలో మొగులయ్యకూ నిషితకూ లోపల గోరుతో చెక్కను గీకుతున్న చప్పుడు, ఆ తర్వాత బేడం జారిన చప్పుడు వినబడ్డాయి.

తలుపు తెరిచి చూస్తే శ్రీకాంత్ ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. గడ్డం మెడదాకా పెరిగింది. అరుణమ్మ కొడుకు ఆటో తెచ్చాడు. సంగారెడ్డిలో దవాఖానకు తీసుకుపోయారు. రెండు వైపులా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది.

మాట్లాడగలిగేసరికి వారం పట్టింది. తల్లి బయటికి పోయినప్పుడు నిషిత అడిగింది. "అంత జరమొస్తే ఎందుకు పిలవలే అన్నా?"

శ్రీకాంత్ పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "పిలుద్దామనుకున్న. బయట ఎవలో వచ్చి కూసున్నరు. అమ్మ వాళ్ళకు చెప్తుంది, నాకు పుణెల జీతం పెరిగిందని." అతని గొంతు గాలిలా ఉంది. "దగ్గొస్తుంటే నోట్ల దుప్పటి కుక్కుకున్న. దాని తర్వాత యాదికి లేదు."

నిషిత అతని చెయ్యి పట్టుకుంది. ఎనిమిదో ఎపిసోడ్ గురించి అడగాలా వద్దా అని తటపటాయిస్తుంటే అతనే అన్నాడు. "ఆ డ్రామా నేను గూడ నా ఫోన్ల చూసిన. ఆఖరిదాంక."

"ఆఖరికి ఏమైతది?"

"ఆ తల్లి ఊర్లె ఒక్కొక్క ఇంటికి పోయి నిజం చెప్తది. కొడుకు పోయినంక." కళ్ళు మూసుకున్నాడు. "అమ్మ ముందుగాలనే చెప్పింది."

వార్డు బయట కౌసల్యమ్మను చూడవచ్చిన చుట్టాలు అడుగుతున్నారు. పుణె నుంచి ఎప్పుడొచ్చిండు? అక్కడి నీళ్ళు పడలేదా? ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసి చెప్పింది. "పుణె పోలే. భయపడి అర్రల ఉండె. నేనే అబద్ధం చెప్పిన." ఒకామె ముక్కున వేలేసుకుంది. ఇంకొకామె, మా తమ్మునికి కూడా గిట్లనే ఉంది వదినా అని మెల్లగా పక్కకు లాగింది.

శ్రీకాంత్ ఇంటికొచ్చాడు గానీ అంతా సర్దుకోలేదు. మానసిక వైద్యుడి దగ్గరికి పోతున్నాడు. కొన్ని పొద్దులు తండ్రి వెంట పొలానికి పోతాడు, గట్టుమీద కూర్చుని వస్తాడు. షిఫ్టు మారేటప్పుడు ఫ్యాక్టరీ సైరన్ మోగితే మంచం పట్టె గట్టిగా పట్టుకుంటాడు. ఒక్కోరోజు మళ్ళీ గదిలోకి పోతాడు. బేడం పడ్డ చప్పుడు వినబడగానే ముగ్గురి చేతుల్లో ముద్ద ఆగిపోతుంది.

అట్లాంటి రోజున అరుణమ్మ గోడవతలినుంచి గట్టిగా పిలుస్తుంది. "శ్రీకాంతూ, తిన్నవా బిడ్డా?"

కొన్నిసార్లు లోపలినుంచి "ఆఁ" అని వినబడుతుంది. వినబడని రోజు ఆమె చేతిలో పని వదిలేసి, గేటు తీసుకుని ఇంట్లోకి వచ్చి, ఆ తలుపు ముందు కౌసల్యమ్మ పక్కన కూర్చుంటుంది.