నమలని ముద్ద

మా ఇంట్లో రాగిసంగటి నమిలేది లేదు. ముద్ద తుంచుకోవాల, బొటనవేలితో గుంత చేసుకోవాల, పులుసులో ముంచి మింగాల. పండ్లకు తగిలిందంటే అంటుకుంటాది, ఇంక రుచి పోయినట్లే. మా అమ్మ బతికినన్నాళ్లు, నా కొడుకు తిరుపాల్ సంగటి నోట్లో పెట్టుకొని దవడ ఆడిస్తే నెత్తిన ఒకటి మొట్టి, "గొడ్డు మాదిరి నములుతాండావేందిరా, ఎవురన్నా చూస్తే నవ్వుతారు" అనేది. వాడు నేర్చుకున్నాడు. మాకన్నా బాగా నేర్చుకున్నాడు.

మాది జమ్మలమడుగు అంచున, పెన్న పక్కన. నాది గొర్రెల బతుకు. తిరుపాల్ గొర్రెల వెంబడి రాలేదు. టిప్పర్ తోలే పనికి పోయినాడు. కూర్చునే పని, దారి పొడుగునా తిండి. మనిషి పెరిగినాడు. ప్రొద్దుటూరులో కానీ పులివెందులలో కానీ మా వాళ్ల ఇండ్లల్లో ఏ కార్యం జరిగినా, వాడు పంక్తిలో కూర్చున్నాడంటే చుట్టూ నిలబడి చూసేవాళ్లు. ముద్ద మీద ముద్ద పోయేది. వడ్డించేవాళ్లకు ఆయాసమొచ్చేది కానీ వానికి రాదు. వాళ్లమ్మ బాలనాగమ్మ పంక్తి కొసన నిలబడి, "నా కొడుక్కు ఇంకొక్క ముద్ద ఎయ్యండప్పా" అని అరిచేది. ఆ పొద్దు ఆమె ముఖం చూడాల.

తర్వాత వానికి నిద్రలో ఊపిరి ఆగడం మొదలైంది. గురక నిలబడిపోతే ఇంట్లో అందరం లేచి కూర్చునేవాళ్లం. మళ్లీ గురక పెడితే పడుకునేవాళ్లం. ఒకనాడు పట్టపగలు, ముద్దనూరు దారిలో, స్టీరింగు పట్టుకొనే నిద్రపోయినాడు. టిప్పర్ పోయి కంపచెట్లలో నిలబడింది. ఎవురికీ ఏమీ కాలేదు. అయితే కోడలు రజని ఆ రోజు గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చి, "మామా, ఈ మనిషి మనకు మిగలడు. ఏదో ఒకటి చెయ్యాల" అనింది.

ప్రొద్దుటూరు డాక్టరు అన్నీ చూసి బెంగుళూరుకు పంపించినాడు. ఆడ కడుపు కోసి చిన్నది చేసినారు. అరటిపండంత మిగిలిచ్చినారంట.

ఇంటికొచ్చినప్పుడు వాని తిండి ఏమంటే నీళ్లు. మందుసీసా మూతతో తాగేది. తర్వాత వడగట్టిన పప్పుకట్టు, మజ్జిగ, డబ్బాలో పొడి కలిపిన పాలు. ఆ పాలు ముక్కు మూసుకొని తాగేవాడు. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తాగినాక వెంటనే తినకూడదు. రజని అన్నిటికీ సెల్‌ఫోన్లో గంట పెట్టుకొని తిరిగేది.

"ఇదేం తిండయ్యా, పిచ్చుకకు కూడా చాలదు" అని బాలనాగమ్మ నా దగ్గర ఏడ్చింది.

ఎదురింటి ఫకీర్ సాహెబ్ దర్జీ. తిరుపాల్ ప్యాంట్లు బిగువు చేయిద్దామని తీసుకపోతే ఒకటి పైకెత్తి చూసి, "బావా, దీంట్లో నువ్వూ నేనూ ఇద్దరం దూరచ్చు. కుట్టు పట్టేదా, కోసి ఇద్దరికీ లుంగీలు కుట్టేదా?" అన్నాడు.

"కుట్టు పట్టు" అన్నాను.

"నీ కొడుకు రోజూ తగ్గుతాండాడు. ఇప్పుడు కుడితే మళ్ల వారానికి తెస్తావు. నాకు పని పెట్టినాడప్పా, దేవుడు సల్లగా చూడనీ."

అది రంజాన్ నెల. ఆయన భార్య మహబూబ్‌బీ పొద్దు గూకే యాళకు గంజి తెచ్చేది. బియ్యం, పెసరపప్పు, కొంచెం మాంసం రసం వేసి కాచి, మా వానికని మెత్తగా రుబ్బి వడగట్టి తెచ్చేది. వాళ్లు ఒక్కపొద్దు విడిచేదీ, మావాడు చెంచాతో ఆ గంజి తాగేదీ ఒకటే యాళకు. "అత్తా, ఇదొకటే మనిషి తిండి మాదిరి ఉండాది" అనేవాడు.

ఒకనాడు మధ్యాన్నం దొడ్డి దగ్గరికి వచ్చి రాయి మీద కూర్చున్నాడు. మనిషి సగమైనాడు. గొర్రెలను చూస్తా, "ఆకలి అయితాలేదు నాయనా" అన్నాడు. "ఆకలి లేకపోతే పొద్దు ఎట్ల పోతాది?"

నేను వింటానే గొర్రెపిల్ల నోట్లో ముల్లు తీస్తాన్నా.

మెత్తటి తిండి పెట్టచ్చు అని బెంగుళూరు నుంచి చెప్పినప్పుడు అదే వారంలో పులివెందులలో కార్యం పడింది. బాలనాగమ్మ తమ్ముని మనవరాలికి చెవులు కుట్టిచ్చేది. పోయినాం. పొట్టేలు కోసినారు. బండల మీద పంక్తి వేసినారు. తిరుపాల్ ఒక మూలకు కుర్చీ వేసుకొని, రజని తెచ్చిన డబ్బా తీసి, మెదిపిన పప్పు తింటాన్నాడు. చూసేవాళ్లు చూస్తాండారు.

"ఏం అల్లుడా, కడుపు కోయించుకొని కూడు మిగిలిచ్చినావంట!" అని మా బావమరిది నవ్వినాడు. "మా యింటికొచ్చి డబ్బా తింటే మాకు మర్యాదనా?"

అందరూ నవ్వినారు. తిరుపాల్ కూడా నవ్వినాడు. వాని ముఖం తెలియనోళ్లకు అది నవ్వే.

బాలనాగమ్మ లేచింది. వంటకాడికి పోయి, వేడి సంగటి చిన్న ముద్ద చేసి, పులుసు పోసి తెచ్చింది. రజని అడ్డం పోయింది. "వద్దత్తా."

"డాక్టరు మెత్తటిది పెట్టమన్నాడు గదమ్మా. సంగటి కంటే మెత్తంది ఏముండాది? దీన్ని నమిలే పనే లేదు గదా."

ఆ మాట విన్నోళ్లం ఎవరమూ అందులో తప్పు చూడలేదు. నేనూ చూడలేదు. రజని కూడా తగ్గింది. తిరుపాల్ వాళ్లమ్మ చేతిలో తట్ట చూసినాడు. కండ్లు తడి అయినాయి. ముద్ద తుంచినాడు, గుంత చేసినాడు, ముంచినాడు, మింగినాడు. మా అమ్మ నేర్పినట్లే.

అది దిగలేదు.

ముందు చేత్తో రొమ్ము పట్టుకున్నాడు. తర్వాత లేచి నిలబడినాడు. నోట్లోంచి నురగ వచ్చింది, ఉమ్మి కూడా మింగలేకపోయినాడు. నీళ్లిస్తే నీళ్లూ వెనక్కి వచ్చినాయి. బాలనాగమ్మ వీపు మీద కొడతాంది. రజని ఆమె చేతులు పట్టుకొని, "కొట్టద్దత్తా, కొట్టద్దు" అని అరుస్తాంది. నవ్విన బావమరిదే కారు తీసినాడు. ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరికి తోలినాడు. దారి పొడుగునా తిరుపాల్ కిటికీలోంచి తల బయటపెట్టి ఉమ్ముతానే ఉండాడు.

ఆస్పత్రిలో గొంతులోకి గొట్టం దింపి ముద్ద తీసినారు. డాక్టరు చిన్నోడు, బయటికొచ్చి అడిగినాడు. "నమల్లేదా?"

"సంగటి నములుతారా సార్?" అనింది బాలనాగమ్మ.

ఆయన ఆమెను చూసి, కసరకుండా, నిదానంగా చెప్పినాడు. "రాగులు చెడ్డవి కావమ్మా. ఇంకా కొన్నాళ్లు పోయినాక శెనగ్గింజంత తీసుకొని, నోట్లో నీళ్లయ్యేదాకా నమిలి తినచ్చు. మింగితే మాత్రం మళ్లీ ఈడికే రావాల."

ఇంటికొచ్చినాక ఆమె సంగటి కలిపే కట్టెను అటక మీదికి ఎక్కిచ్చేసింది. మా ఇంట్లో సంగటి ఆగిపోయింది. అది ఆగితే ఆగనీ. వాడు మా ముందర తినడం ఆపినాడు, అదే కష్టం.

గిన్నె ఇస్తే తీసుకుంటాడు. గదిలోకి పోతాడు. కొంచేపటికి ఖాళీ గిన్నె బయటికొస్తాది. మేము కూడా, వానికి నోరూరుతాదనో భయమైతాదనో, వాని ముందర తినడం మానుకున్నాం. రజని వంటింట్లో నిలబడి తినేది. బాలనాగమ్మ ఎప్పుడు తింటాదో నాకు తెలియదు. నేను సద్ది దొడ్డికాడికి తీసుకపోయేవాణ్ణి. మా ఇంట్లో ఎవురూ ఒంటిగా తిన్నోళ్లు లేరు. ఇప్పుడు అందరం ఒంటిగానే.

వానికి తలవెంట్రుకలు దువ్వెనకు వచ్చేవి. అరికాళ్లు తిమ్మిరి అని గోడ పట్టుకొని నడిచేవాడు. బలానికి సూదులు వేయిస్తాన్నాం. రజని బెంగుళూరుకు ఫోన్ చేస్తే, తిండి పోకపోతే సూదులతో ఎన్నాళ్లు, నరాలు చెడితే మళ్లీ రావు, ఆస్పత్రిలో పెట్టాల్సొస్తాది అన్నారంట. "అన్నీ తింటాండాడు మామా, మరి ఎందుకిట్లయితాండాడు?" అనింది.

మా గొర్రెల కుక్క ఎప్పుడూ మందకు ముందు నడుస్తాది. కొన్నాళ్లుగా పిలిచినా కదల్లేదు. ఒకనాడు పొద్దున దాన్ని వెతుక్కుంటా పోతే, తిరుపాల్ గది కిటికీ కింద కూర్చొని పైకి చూస్తాంది. కుక్క బలిసింది. గిన్నెలు ఎట్ల ఖాళీ అయితాండాయో నాకు అర్థమయింది.

ఇంట్లోకి వచ్చి బాలనాగమ్మతో, "సంగటి చెయ్" అన్నాను.

"ఏమయ్యా, నీకు మతి పోయిందా?"

"చెయ్."

"ఆ కట్టె నేను ముట్టను. నా చేత్తో నా కొడుకును..." అని ఆగింది.

"నువ్వు పెట్టినావు, వాడు మింగినాడు. మనమందరం మింగేవాళ్లమే గదా. చెయ్ మే."

అటక మీద కట్టె నేనే దింపి కడిగిచ్చినాను. రజనిని ఫోన్ చేసి అడగమన్నాను. పెట్టచ్చు, గింజంతే, నమలాల, పప్పు కూడా ఉండాల అన్నారు. బాలనాగమ్మ ఎప్పటికన్నా నీళ్లు ఎక్కువ పోసి కలిపింది. ఆ వాసన ఎన్నాళ్లకో ఇల్లంతా తిరిగింది.

ఒకటే తట్టలో కొంచెం సంగటి, పక్కన మెదిపిన పప్పు, గుడ్డు పొరటు పెట్టుకొని తిరుపాల్ గదిలోకి పోయినాను. వాడు మంచం మీద గోడకు తిరిగి పడుకున్నాడు. ముందు పోయి కిటికీ మూసినాను. వాడు తిరిగి నన్ను చూసినాడు. నేను కింద చాప మీద కూర్చొని, శెనగ్గింజంత తుంచి పప్పులో అద్ది నోట్లో వేసుకొని నమిలినాను.

నాకు ఉండే పండ్లు నాలుగైదు, అవీ ఎదురెదురుగా లేవు. సంగటి చిగుళ్లకు పోయి అంటుకునింది. నాలుకతో తీసి ఇటుపక్క వేసి నమిలితే అటుపక్క పోతాంది. అంత అవస్థ ఎప్పుడూ పడలేదు.

"ఏం చేస్తాండావు నాయనా?"

"నములుతాండా."

"సంగటినా?"

"ఊ."

లేచి కూర్చున్నాడు. "అవ్వ ఉండింటే ఇద్దరికీ మొట్టికాయలే."

"ఆమె రాదులే. దిగు."

"గొర్రె నెమరేసినట్ల ఉండావు."

"గొర్రెకు అంత పెద్ద కడుపు ఉండాది. దానికే నమిలేది తప్పలేదు. నీకు ఉండేది అరటిపండంత."

వాడు నవ్వినాడు. అది పులివెందులలో నవ్విన నవ్వు కాదు. దిగి చాప మీద కూర్చున్నాడు. చెయ్యి తట్ట దాకా వచ్చి ఆగింది.

"ముద్ద చూస్తే గొంతు మూసుకుంటాది నాయనా. ఆ పొద్దు కారులో నేను చచ్చిపోతా అనుకున్యా."

"నేనూ అట్లే అనుకున్యా."

ఆ మాట ఇంతవరకు ఎవురితోనూ చెప్పలేదు. వాడు నన్ను చూసి, గింజంత తుంచినాడు. గుంత చేయబోయినాడు, అలవాటు. అంత చిన్నదాంట్లో గుంత ఎట్లయితాది? అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమిలినాడు. నేనూ నమిలినాను. బయట నిలబడిన రజని గాజుల సప్పుడు వినిపిస్తాంది. మింగే యాళకు వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. గొంతు కదిలింది. ఇద్దరం అట్లే కూర్చున్నాం.

ఏమీ కాలేదు.

చెయ్యి వదిలి, గుడ్డు కొంచెం తీసుకున్నాడు. తర్వాత ఇంకొక గింజ.

రజని తన తట్ట తెచ్చుకొని గడప లోపల కూర్చునింది. బాలనాగమ్మ మాత్రం సంగటి గరిటె పట్టుకొని తలుపు దగ్గరే నిలబడింది. తినేది శానాసేపు పట్టింది. పప్పు చల్లగయింది, సంగటి పైన పొర కట్టింది. తట్టలో సగం మిగిలుండంగానే తిరుపాల్ చెయ్యి తీసినాడు.

"చాలు మా."

బాలనాగమ్మ నోరు తెరిచింది. పుట్టిన కాడి నుంచి వానికి ఆమె చెప్పే మాట ఒకటే, అది మాకందరికీ తెలుసు. గరిటె ముందుకొచ్చింది. ఆడనే ఆగింది. ఆమె నోరు మూసుకునింది. చాప కొసన కూర్చొని, గరిటెలో సంగటి అరచేతిలో పెట్టుకొని, రవంత తుంచి నమిలింది.

"ఏందయ్యా ఇది, ఇసక మాదిరి తగుల్తాంది" అనింది. మళ్లీ కొంచెం నమిలి, "తియ్యగా కూడా ఉండాది" అనింది.

దొడ్డిలో గొర్రెలు అరవడం మొదలుపెట్టినాయి. మేతకు తోలే పొద్దు ఎప్పుడో దాటింది.

"నాయనా, గొర్రెలు" అన్నాడు తిరుపాల్.

నా నోట్లో ఇంకా ఉండాది. ఆగమని చెయ్యి చూపించినాను.