తోడల్లుళ్ల తారు

మా ఆయనకీ మా చెల్లెలి మొగుడికీ మాట్లాడుకోవడానికి ప్రపంచంలో ఒక్కటే విషయం ఉంది. రోడ్లు. ఇద్దరూ రోడ్ల శాఖలో ఇంజినీర్లే. మా ఆయనది ఎండలు మండిపోయే మైదానం. మరిదిది ఏడాదిలో సగం మంచులో మునిగి ఉండే కొండ ప్రాంతం. ఇద్దర్నీ మా నాన్న ఏరికోరి మరీ తెచ్చుకున్నారు కాబట్టి అనుభవించాల్సింది కూడా ఆయనే. సెలవులకి అందరం నాన్న ఇంట్లో చేరామంటే చాలు, భోజనాల బల్ల దగ్గర మొదలు.

"మా దగ్గర మధ్యాహ్నం పూట రోడ్డు మీద కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. తారు కరిగి పైకి ఉబికి వస్తుంది. లారీ పోతే చక్రాల జాడలు కాలువల్లా దిగిపోతాయి. అక్కడ రోడ్డు నిలబెట్టడమంటే మాటలనుకున్నావా?" అనేవారు మా ఆయన.

"మెత్తబడింది మళ్లీ సాయంత్రానికి గట్టిపడుతుంది కదన్నయ్యా. మాది పగులుతుంది. పగుల్లోకి నీళ్లు దిగి గడ్డకట్టి రోడ్డుని కిందనుంచి ఎత్తేస్తాయి. మంచు కరిగాక చూస్తే రోడ్డుండదు, గుంతలుంటాయి" అనేవాడు మరిది.

"మీకు రోలరు తిప్పడం రాక మంచు మీద నెట్టేస్తారు."

"మీకు కంకర ఏరుకోవడం రాక సూర్యుణ్ణి తిడతారు."

ఇంతవరకూ వచ్చేసరికి నాన్న చెవిలో మిషను తీసి జేబులో వేసుకుని ప్రశాంతంగా తినేవారు. ఆ సదుపాయం మాకు లేదు.

ఒకసారి మా చెల్లెలు గరిట బల్ల మీద పెట్టి, "ఎందుకీ గోల? ఇద్దరూ చోట్లు మార్చుకుని చూడండి. ఎవరి గొప్పేమిటో తేలిపోతుంది" అంది. తమాషాకి అందనుకున్నాను. మగవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను రెడీ అంటే నేను రెడీ అన్నారు. ఇద్దరికీ పై అధికారైన పెద్ద ఇంజినీరుకి వీళ్ల ఫిర్యాదులు విని విని అప్పటికే తల వాచిపోయి ఉంది. అడగడం ఆలస్యం, బదిలీ చేసి పారేశాడు.

నన్నెవరూ అడగలేదు. మైదానంలో మేముండే ఊళ్లో నాకొక డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే పెద్ద హంగామా ఏమీ లేదు, ఒక పాత కారు, నేర్పే నా కాళ్ల దగ్గర రెండో బ్రేకు, తలుపు మీద నా ఫోన్ నంబరు. ఆ ఊళ్లో కారు నడిపే ఆడవాళ్లలో సగం మంది ఒకప్పుడు నా పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లే. ఆ కారంటే నాకు ప్రాణం. మా ఆయనకి తెలిస్తే నొచ్చుకుంటారు గానీ, ఆయన్ని వదిలి ఒక వారం ఉండగలను, దాన్ని వదిలి ఉండలేను. తాళాలు చెల్లెలి చేతిలో పెట్టి, "నేను తిరిగొచ్చేదాకా జాగ్రత్తగా చూసుకో" అన్నాను. దానికి డ్రైవింగ్ నేర్పింది కూడా నేనే.

కొండ మీద మాకిచ్చిన ఇంట్లో ఏ కిటికీ సరిగా మూసుకోదు. నేను దుప్పటి కప్పుకుని వంట చేసేదాన్ని. మా ఆయన మాత్రం దిగిన మర్నాటి నుంచే మా సొంత జీపులో తిరుగుతూ గట్టి తారు డ్రమ్ములు తెప్పించడం మొదలుపెట్టారు. తారు ముద్దలో సూది గుచ్చి అది ఎంత లోతు దిగిందో చూస్తారు. బాగా దిగితే మెత్త తారు, దిగకపోతే గట్టిది. సూది ఎంత తక్కువ దిగితే ఆయన మొహం అంత వెలిగేది. ఎండలో ఆయన్ని కాపాడింది ఆ గట్టి తారే. మంచులో కూడా అదే కాపాడుతుందని ఆయన ధీమా.

మొదటి చలికాలానికే రోడ్డు ఈ చివరనుంచి ఆ చివరకి అడ్డంగా పగిలింది, మడమలు పగిలినట్టు. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో కింద మరిది సంగతీ బయటపడింది. అతను కొండ అలవాటు కొద్దీ మెత్త తారు పోయించాడు. పెద్ద ఇంజినీరు తనిఖీకి వచ్చి, రోడ్డు మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చి, వెళ్లబోతే బూటు రాలేదు. కాలు వచ్చింది. పాపం ఒక కాలికి మేజోడుతోనే జీపు ఎక్కాడట. చెల్లెలు ఫోన్లో చెబుతుంటే నాకు నవ్వు ఆగక పొలమారింది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పెద్ద ఇంజినీరు ఇద్దరికీ ఒకటే మాట చెప్పాడు. "తీసి మళ్లీ వెయ్యండి. నిలిచిందా, మీ పాత చోటికి పంపిస్తాను. నిలవలేదా, రిటైరయ్యేదాకా అక్కడే గుంతలు పూడ్చుకోండి." అంటే నేను నా కారు దగ్గరికి వెళ్లడమా మానడమా అన్నది ఇప్పుడు మా ఆయన సూది మీద ఆధారపడి ఉంది.

"మరిదికి ఒక్క ఫోన్ చేసి అడగకూడదా?" అన్నాను.

"ఎవర్ని? వాణ్ణా?" తల కొట్టేసినంత పనైంది ఆయనకి. మూతి ముడుచుకుని లేచి వెళ్లిపోయారు.

సరే, మొగుళ్లకి అభిమానం అడ్డొస్తుంది, మాకేం అడ్డు? నేను చెల్లెలికి ఫోన్ చేశాను. మొగుడి నోట విని విని దానికి కొండ రోడ్ల సంగతంతా కంఠతా వచ్చు. మెత్త తారు వేస్తే చలికి సాగుతుంది, పగలదు. రోడ్డు కంటే ముందు పక్కన కాలువలు తవ్వాలి. అడుగున పెద్ద కంకర పరిస్తే నీళ్లు నిలవకుండా జారిపోతాయి. చిన్న పగులు కనబడ్డా మంచు పడకముందే పూడ్చేయాలి. నేను అడిగినవీ అడగనివీ కూడా పూసగుచ్చినట్టు చెప్పింది. బదులుగా నేను మైదానం గుట్టు చెప్పాను. గట్టి తారు, అదీ తక్కువ. రాయి ఎక్కువ, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునేంత పెద్ద రాయి. వేసిన రోడ్డు పూర్తిగా చల్లారేదాకా లారీ మొహం చూపించకూడదు.

ఇక దీన్ని ఆయన బుర్రలోకి ఎక్కించాలి, అదీ సొంత తెలివే అనిపించేలా. ఒకరోజు నా గట్టి ప్లాస్టిక్ చెప్పు రెండు ముక్కలు చేసి ఆయన కళ్ల ముందు పెట్టాను. "చూడండి, చలికి పుటుక్కున విరిగింది. ఆ మెత్తటి జత చూడండి, ఎంత వంచినా ఏమీ కాలేదు."

ఆయన ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మర్నాడు, "నాకో ఆలోచన వచ్చింది. ఇక్కడ మెత్త తారు వెయ్యాలి" అన్నారు.

"అబ్బ, ఎక్కడినుంచి వస్తాయండీ మీకిలాంటి ఆలోచనలు!" అన్నాను.

కాలువల సంగతి ఎక్కించడానికి నీళ్లు నింపిన బకెట్‌ని రాత్రంతా బయట వదిలేసి, నీళ్లు గడ్డకట్టి అది పగిలాక ఆయనకి చూపించాను. మంచి బకెట్. రోడ్ల శాఖకి నేను చేసిన త్యాగాలు ఏ ఫైల్లోనూ ఉండవు. కింద మా చెల్లెలు కిటికీలో కొవ్వొత్తులు పెట్టి, అవి ఎండకి వంగిపోతే మొగుడికి చూపించిందట.

ఆ చలికాలం నేను కిటికీ దగ్గరే గడిపాను. మంచు పడినప్పుడల్లా రోడ్డుకి దిష్టి తగలకూడదని నాలో నేను గొణుక్కున్నాను. మంచు కరిగింది. రోడ్డు ఎక్కడిది అక్కడే ఉంది. పగులు లేదు, గుంత లేదు. మా ఆయన రోడ్డు మీద చేతులు వెనక్కి పెట్టుకుని పచార్లు చేస్తుంటే నేను ఇంట్లో బట్టలు సర్దడం మొదలుపెట్టాను. కింద ఎండాకాలం గడిచేదాకా ఆగమన్నారు. ఆగాను. మరిది రోడ్డు కూడా చెక్కుచెదరలేదు.

పెద్ద ఇంజినీరు మా ఇంటికే వచ్చాడు. బూట్ల తాళ్లు రెండేసి ముళ్లు వేసుకుని వచ్చాడు. మా ఆయన భుజం తట్టి తెగ పొగిడాడు. నేను టీ కప్పు పెద్ద ఇంజినీరు చేతికిచ్చి, "మరి మా బదిలీ ఎప్పుడండీ?" అని అడిగేశాను.

"బదిలీయా? మంచుని ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషిని నేనెక్కడికి పంపిస్తానమ్మా? ఇక ఇక్కడే!" అన్నాడు, వరం ఇస్తున్నట్టు.

పెద్ద ఇంజినీరు వెళ్లాక సూట్‌కేసు మూసి, దాని మీదే కూర్చుని భోరున ఏడ్చాను. తర్వాత చెల్లెలికి ఫోన్ చేశాను.

"మాకూ అదే మాట చెప్పాడక్కా" అంది. గొంతులో చుక్క విచారం లేదు. వెనకాల హారన్ మోగింది. "క్లచ్! క్లచ్ వదలకు తల్లీ!" అని ఎవరిమీదో అరిచింది. నా కార్లో. నా సీట్లో.

"పంపడని నీకు ముందే తెలుసు కదూ?"

"బాగా తిరుగుతున్న ఫ్యాన్‌ని ఎవరైనా ఊడదీస్తారా అక్కా? ఎన్నేళ్లు ఆ చలిలో వణికాను! ఇక్కడ ఎండ ఎంత హాయిగా ఉందో తెలుసా?"

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు తారు గురించే కదా అడిగావు."

ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను. నేర్పినంతా నేర్పి, దానికే నా బండి అప్పజెప్పి, అది అక్కడే ఉండిపోవడానికి కావలసిన రోడ్డు కూడా నేనే వేయించి పెట్టాను.

అప్పుడొచ్చారు మా ఆయన, గుమ్మంలో తచ్చాడుతూ. "మలుపు అవతల ఇంకో ముక్క వెయ్యాలి. అస్సలు ఎండ తగలదక్కడ. ఏం వెయ్యాలంటుంది మీ చెల్లెలు?"

నేను నోరు వెళ్లబెట్టాను. "మీకు తెలుసా?"

"చలికి విరిగిన చెప్పు మీద కత్తి గాటు ఉంటుందా?"

"తెలిసీ ఇన్నాళ్లూ ఊరుకున్నారా?"

"నేను వాణ్ణి అడగలేదు కదా" అన్నారు, ఎంతో తృప్తిగా.

చెల్లెలు, మొగుడు, పెద్ద ఇంజినీరు, అందరూ నా మీదుగానే రోలరు తిప్పేశారు. నేను కళ్లు తుడుచుకుని లేచి, చెయ్యి చాపాను.

"మన జీపు తాళాలు ఇటివ్వండి. అప్పుడు అడుగుతాను."

"జీపెందుకు?"

"రెండో బ్రేకు పెట్టించాలి. ఈ కొండ మీద ఒక్క ఆడదానికీ డ్రైవింగ్ రాదు."

ఆయన కంగారుపడ్డారు. "మరి నేను పనికి ఎలా వెళ్లాలి?"

"రోడ్డు బాగానే వేశారుగా, నడవండి" అన్నాను.