లైల్ నిజంగా సెలవు చెప్పిన ఆదివారం

పత్రికల్లో పాటల గురించి రాసే పెద్దమనుషుల్లారా, మా పాటగాడు లైల్‌ని చెడగొట్టింది మీరే. మంచి ఊపులో ఉండగా గిటారు దించేసినవాళ్లను పైన కూర్చోబెట్టి, జుట్టు నెరిసినా వాయిస్తున్నవాళ్లను కింద పడేసి, ఏటా ఒక పట్టిక అచ్చేస్తారు. మీలో ఒక్కరైనా డ్రమ్ములు మోశారా? నేను ఇరవై రెండేళ్లు మోశాను.

లైల్ ఆ పట్టికను కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. అప్పుడే 'మూడో షిఫ్టు' పాటతో హామిల్టన్‌లో మా నలుగురి బృందానికి పేరొచ్చింది. ఉక్కు మిల్లు గేటు నుంచి టొరంటో రేడియో దాకా అదే పాట. అంతలో వీడు, ఇదే శిఖరం, ఇక్కడే ఆపేస్తే జనం మనల్ని ఎప్పటికీ తలుచుకుంటారని మొదలుపెట్టాడు. తిట్టాను, బతిమాలాను, వారం రోజులు మాట్లాడటం మానేశాను. వినలేదు. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆఖరి కచేరీ అని పోస్టర్లు అతికించాడు. నాకు వేరే పని చేతకాదు. ఇంకో బృందంలో చేరే మనసూ లేదు. కానీ పాడేది వాడే, ఏం చేయను?

హాలు నిండింది. మాలాంటి బృందాలన్నిటికీ ఒక అలవాటుంది. అసలైన పాటను దాచుకొని, సెలవు చెప్పి దిగిపోతాం. హాల్లో చీకటి అలాగే ఉంచుతారు. జనం నేల అదిరేలా కాళ్లతో తన్ని పిలుస్తారు. కాసేపు బెట్టు చేసి మళ్లీ ఎక్కుతాం. అది ఉత్తుత్తి సెలవని అందరికీ తెలుసు. ఆ రోజు కూడా 'మూడో షిఫ్టు' దాచాం.

లైల్ మాత్రం మైకు పట్టుకుని, ఈసారి నిజంగానే వెళ్లిపోతున్నాం, ఇంకెప్పుడూ తిరిగి రాము అన్నాడు. కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. దిగాం.

మెట్ల మీద గిటారు తగిలించుకునే నిలబడి చెవులు రిక్కించాడు. చప్పట్లు వచ్చాయి, మర్యాదగా, కాసేపటికి ఆగిపోయాయి. ఆ తర్వాత చీపురు చప్పుడు. ప్లాస్టిక్ గ్లాసులు దొర్లుతున్నాయి. లైట్లు చూసే మార్విన్ అప్పటికే హాలంతా వెలిగించేశాడు.

"పిలవలేదేంటి బెర్నీ?"

"పోతున్నానని నువ్వే ఏడ్చావు కదరా. నమ్మేశారు," అన్నాను.

మార్విన్ ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్లుగా లైల్ సెలవు చెప్పడం విన్నాడట గానీ ఏడవడం చూడలేదట. అందుకే నిజమనుకున్నాడట.

లైల్ మొహం అప్పుడు చూడాలి. మింగలేడు, కక్కలేడు. ఒక్కసారిగా బయటికి పరుగెత్తాడు. నేను డ్రమ్ము పుల్లలు పట్టుకుని వెనకాలే. అక్కడ, లోపలికి వచ్చేటప్పుడు అప్పగించిన చలికోట్లు తీసుకోవడానికి మూడు వందల మంది వరసలో ఉన్నారు. వీడు ఆ కోట్లిచ్చే బల్లెక్కి 'మూడో షిఫ్టు' ఎత్తుకున్నాడు. నేను చెత్తడబ్బా బోర్లించి వాయించాను. కరెంటు లేని గిటార్లతో ఏం చెయ్యాలో తెలియక మిగతా ఇద్దరూ చప్పట్లకు దిగారు.

రెండో చరణం మరిచిపోయాడు. వరసలోవాళ్లు అందించారు. పైస్థాయికి పోయేసరికి గొంతు కోడిపుంజులా చీలింది. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. శిఖరం మాట దేవుడెరుగు, మేం గుట్ట కింద కూడా లేం. అయినా అంత సంతోషంగా వాయించిన రోజు నాకు ఇంకోటి గుర్తు లేదు.

ముందున్న పెద్దావిడ బల్ల మీద తట్టింది. "కాస్త జరుగు బాబూ, నా కోటు తీసుకోవాలి. మళ్లీ ఎప్పుడు పాడతారు?"

లైల్ నా వైపు చూశాడు. నేను డబ్బా మీద పుల్లలు ఆపలేదు.

"మార్చిలో అమ్మా," అన్నాడు. "గురువారం నుంచి సాధన."

వారం తిరగకుండా మీరు, ఘనమైన వీడ్కోలును కోట్ల బల్ల మీద పాడుచేసుకున్నారని రాశారు. లైల్ అదీ కత్తిరించాడు. నేను లాక్కున్నాను. పర్సులోంచి పాతదాన్నీ తీయించి, రెండింటినీ నా పెద్ద డ్రమ్ములో మోత తగ్గడానికి పెట్టే దిండు పక్కన కుక్కాను. ఇప్పుడు రోజూ ఆ డ్రమ్ము పెడలును కాలితో తంతున్నాను. మోత బాగా కుదిరింది.

కాబట్టి వచ్చే ఏడాది ఆ పట్టిక ఆపండి. ఆపలేకపోతే మందపాటి కాగితం మీద వెయ్యండి. మార్చిలో వచ్చి ముందు వరసలో నిలబడి, మేం దిగగానే నేలను గట్టిగా తన్నండి. ఇక మార్విన్, లైల్ ఎంత ఏడ్చినా సరే, నువ్వు ఆ లైట్ల జోలికి పోకు.