ఒండ్రుమట్టి ద్రాక్షారసం

ప్రిస్కిల్లా టీచరుగారు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ద్రాక్ష పందిరి కిందకొస్తారు. పండుటాకులు గిల్లుతారు, అడ్డదిడ్డంగా పాకిన తీగల్ని దారిలో పెడతారు. ముప్ఫై ఏళ్లు పిల్లల చెవులు మెలేసిన చేతులవి. రిటైరయ్యాక ఈ పని దొరికింది.

రావులపాలెం దగ్గర గోదారి మధ్యనున్న ఆ లంకలో ద్రాక్ష పందిరి అదొక్కటే. ఆవిడ మామగారు నాటింది. ఊళ్లో లూథరన్ చర్చికి నెలనెలా ప్రభువు బల్లకు, అంటే రొట్టె, రసం పంచే ఆరాధనకు, కావలసిన ద్రాక్షారసం ఆ పందిరి నుంచే వెళ్తుంది. ఆ రసం గొంతు దిగితే మట్టిలో ఏముందో తెలిసిపోతుంది. ఎగువన కరువొచ్చి గోదారి సన్నబడిన ఏడు, బల్ల తీసుకున్నవాళ్లకి వారం రోజులపాటు దాహం తీరలేదు. ఎనభై ఆరులో వచ్చిన వరద భద్రాచలం అడవుల మట్టి తెచ్చి పోస్తే, ఆ తర్వాతి రసం ఇప్పపూల వాసనేసింది. ముసలమ్మలు ఎన్నడూ వినని కొండ పాటేదో కూనిరాగం తీసుకుంటూ ఇళ్లకెళ్లారు. ఇందులో వింతేముందని ఊరు అనుకుంది. పాస్టరు శ్యాంబాబు గారైతే ప్రకటనల్లోనే చెప్పేస్తారు, "ఈ నెల రసంలో ఇసుక పాలెక్కువండి, ఒళ్లు వేడి చేస్తే మజ్జిగ తాగండి" అని.

మూడేళ్ల కిందటి జులై వరదకి పందిరి మూడు రోజులు నీళ్లలో ఉంది. నీరు తీశాక పెరడంతా మూరెడు మందాన ఒండ్రు. మట్టి నమూనాలు తీసుకెళ్లడానికి వ్యవసాయ శాఖ నుంచి ఉదయభాస్కర్ అనే ఆయన వచ్చారు. చదువుకునే రోజుల్లో ఆర్నెల్లు ఫ్రాన్సులో ఉన్నారట. పందిరి చూడగానే ఆయన మొహం వెలిగింది.

"అక్కడ ఒక ఊళ్లో నేలంతా సుద్దండి. ఒకప్పుడు సముద్రపు అడుగు. తవ్వితే ఇప్పటికీ గుల్లలొస్తాయి. ఆ వైను తాగితే గుల్ల నాకినట్టే ఉంటుంది. ఇంకోచోట పిడికెడంత గులకరాళ్లు. పగటి ఎండ దాచుకుని రాత్రి తీగలకి ఇస్తాయి, ఆ వైను మంట. ఒకే రకం ద్రాక్ష, గట్టుకి ఇటు ఒక రుచి, అటు ఒక రుచి. నేల కోట్ల ఏళ్లుగా ఎక్కడిదక్కడే ఉంది కదండీ. అందుకే చాలాచోట్ల సీసా మీద ద్రాక్ష పేరు వేయరు, ఊరి పేరు వేస్తారు."

"మరి మాది ఏ ఊరి మట్టంటారు?"

ఆయన గుప్పెడు ఒండ్రు పిసికి చూశారు. "మీది నడిచొచ్చే మట్టండి. నాసిక్ కొండల్లో బయల్దేరుతుంది. దారిలో ఏది తగిలితే అది వెంట తెచ్చుకుంటుంది."

ఆ వరదలోనే అదే ఊరి సూరమ్మ మొగుడు చినబాబు పోయాడు. పోయాడని సూరమ్మ ఎదుట ఎవరూ అనరు. ఎగువ లంకలో అరటితోటల్లో చిక్కుకున్న కూలీల్ని తన పడవ మీద రెండు విడతలు తెచ్చి గట్టున దించాడు. మూడోసారి వెళ్లాడు. మిగిలినవాళ్లని అప్పటికే లాంచీ తెచ్చేసింది. చినబాబు మాత్రం రాలేదు. పడవ యానాం దగ్గర దొరికింది, మనిషి దొరకలేదు. రాజమండ్రి మార్కెట్లో చూశామని ఒకరన్నారు. విజయవాడలో వేరే సంసారం పెట్టాడని ఇంకొకరన్నారు. ఏ కబురొచ్చినా సూరమ్మ వెళ్లి వెతికి వచ్చేది. భీమవరం నుంచి చెల్లెలు, రొయ్యల షెడ్డులో పనుంది వచ్చేయమని ఫోన్లు చేస్తూనే ఉంది. మొగుడొస్తాడని సూరమ్మ కదల్లేదు. అరటి పనికి పోయి, సాయంత్రం టీచరుగారి పెరట్లో నీళ్లు పోసి, కాసేపు కూర్చుని వెళ్లేది. ఇద్దరూ ఒంటరివాళ్లే. పెద్దగా మాట్లాడుకునేది కూడా ఉండదు.

రెండేళ్లు తీగ కాయలేదు, చర్చికి కొన్న సీసాలే. మూడో ఏడు విరగకాసింది. మార్చిలో ఇద్దరూ కలిసే కోసి, పిసికి, జాడీల్లో పోసి మూత కట్టారు. నలభై రోజులకి టీచరుగారు ఒక్కరే పలచటి గుడ్డలో రసం వడకట్టి, అలవాటుగా చెంచాడు నోట్లో వేసుకున్నారు.

ముందు లంక పొగాకు చుట్ట వాసన. తర్వాత పడవకి పూసే తారు. అరచేతిలో తడి తాడు ఒరుసుకున్నట్టు మంట. ఆ తర్వాత ఆకలి. ఇప్పుడే టిఫిను తిన్న మనిషికి కడుపు నకనకలాడిపోయింది, వంకాయ ఎండురొయ్యల కూర కోసం. అదీ ఉప్పెక్కువైన కూర కోసం. ఆవిడ చెంచా కింద పెట్టేశారు. ఆ చుట్టా, ఆ తారూ ఎవరివో తెలిసిపోయింది. చినబాబు చేత చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించింది ఆవిడే.

పాస్టరుగారికి చెప్పారు. "ఈ నెలకీ రాజమండ్రిలో సీసా కొనేద్దామాండి?" అన్నారాయన.

"కొనండి" అన్నారు ఆవిడ.

శనివారం సాయంత్రం సూరమ్మ కుండీ దగ్గర చేతులు కడుక్కుంటూ జాడీల వంక చూసింది.

"రసం దిగిందాండి?"

"దిగింది. రేపు బల్లకి మటుకు కొన్నది పెడుతున్నారు."

"ఎందుకండి?"

టీచరుగారు జాడీ మూత మీది గుడ్డ సరిచేశారు. సూరమ్మ చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

"మా ఆయనేనాండి?"

"ఊఁ."

సూరమ్మ మెల్లగా మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. "ఎక్కడో ఉన్నాడనుకున్నానండి. కోపంతో వెళ్లిపోయాడనుకున్నాను. ఆ పొద్దున కూరలో ఉప్పెక్కువైందన్నాడు. నచ్చకపోతే పోయి ఎక్కడైనా తిను అన్నాను. అన్నం ముద్ద కంచంలో వదిలేసి లేచాడు. ఈ మాట ఎవరికీ చెప్పలేదండి."

"ఏం కూర?" అన్నారు టీచరుగారు.

"వంకాయ ఎండురొయ్యలండి."

టీచరుగారు లేచి వెళ్లి, పాస్టరుగారికి ఫోను చేసి, కొన్న సీసా అక్కర్లేదని చెప్పారు. వచ్చి సూరమ్మ పక్కన మెట్టు మీదే కూర్చున్నారు.

"రేపు బల్ల తీసుకో. నేను చెప్పేది కాదు, నువ్వే తెలుసుకోవాలి."

ఆదివారం చర్చి నిండింది. గిన్నె చేతులు మారుతుంటే, తాగినవాళ్లు తాగినట్టే తల వంచుకున్నారు. ఎవరూ సూరమ్మ వైపు చూడలేదు. తన వంతు వచ్చాక సూరమ్మ మోకాళ్లూని తాగింది. గిన్నె వెనక్కి ఇవ్వడం మర్చిపోయింది. పాస్టరుగారు తీసుకోబోలేదు, ఆగారు.

"ఆకలితో ఉన్నాడండి" అంది సూరమ్మ మెల్లగా. "ఇంటికే తిప్పాడండి పడవ. నా కూర తినాలనే వస్తున్నాడు."

అప్పుడు ఏడ్చింది. మూడేళ్ల ఏడుపు. పాటల పుస్తకాలు మూసేసి అందరూ అలాగే కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం ఊళ్లో ఎవరికీ ఎంత తిన్నా ఆకలి తీరలేదు.

గురువారం చినబాబుకి జ్ఞాపకార్థ కూటం పెట్టారు. పాతిపెట్టడానికేమీ లేదు. సూరమ్మ పందిరి మొదట్లోంచి దోసెడు మట్టి అడిగి తీసుకుంది. సమాధుల తోటలో దానికో గుంట తవ్వారు.

ఆపై సోమవారం సూరమ్మ భీమవరం బయల్దేరింది. టీచరుగారు రేవు దాకా వెళ్లారు. ఉండిపొమ్మని అడగాలని దారి పొడుగునా అనుకున్నారు, అడగలేదు. రేపట్నుంచి సాయంత్రాలు పెరట్లో ఒక్కరే కూర్చోవాలి.

పడవ ఎక్కబోతూ సూరమ్మ కొంగుముడి విప్పి ఇంటి తాళంచెవి తీసింది. వెతకడానికి ఊరు దాటినప్పుడల్లా టీచరుగారి చేతిలో పెట్టి వెళ్లే తాళంచెవి.

"ఆయనొస్తే..." అంది, అలవాటు కొద్దీ.

ఆగింది. పడవవాడు గెడ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"వానాకాలం చూరు కారుతుందండి" అంది సూరమ్మ. "ఎవరికన్నా అద్దెకిచ్చేయండి."