ఆపరేషన్ పైసలు పక్కకు

నాకున్న భయాల్లో పెద్దది ఇదే: ఎవరూ దొంగిలించకుండానే మా డబ్బు తరిగిపోవడం. దొంగ ఎత్తుకుపోతే కేసు పెట్టొచ్చు. ఉన్నచోటే కరిగిపోతే ఎవరిని పట్టుకుని అడగాలి?

గోపన్‌పల్లిలో మాకు మిగిలిన ఆఖరి మెట్ట చెలక అమ్మాక ఆ డబ్బు బ్యాంకులో పడింది. మా బుజ్జికి మూడేళ్లు. పుట్టినప్పటి నుంచి వినపడదు. చెవికి మిషన్ పెట్టే ఆపరేషన్ ఈ ఏడాదే చేయించాలని, ఆలస్యమైతే మాట రావడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. దానికి మాకున్న ఆధారం ఆ డబ్బొక్కటే.

మా మరిది అవినాష్ రాయదుర్గంలో ఒక ఆఫీసులో పనిచేస్తాడు. ఒక ఆదివారం ఫోన్ తెచ్చి మామయ్యకు చూపించాడు. ఏదో దూరదేశపు సర్కారు అప్పు తీసుకుంటోందట, మన బ్యాంకుల కన్నా మూడింతలు వడ్డీ ఇస్తుందట.

"సర్కారే ఇస్తదారా?" అన్నాడు మామయ్య.

"సర్కారే బాపు. కంపెనీ గింపెనీ కాదు."

"అయితే ఇగ ఫికరేంది? సర్కారు ఏడికి పారిపోతది? మొత్తం అండ్లనే పెట్టు."

మా ఇంట్లో పద్ధతి అదే. ఇక్కడ భూమి అమ్మితే వచ్చిందంతా తీసుకెళ్లి ఇంకో దగ్గర ఒకే భూమిలో పెట్టాలి. సగం దాచుకుంటానంటే పిరికితనం కింద లెక్క.

నాకు నమ్మకం కుదరలేదు. మా పై పోర్షన్‌లో కిరాయికుండే గిరీష్ గారిని అడిగాను. ఆయనది భీమవరం, పని విదేశీ బాండ్లు, అంటే పరాయి సర్కార్ల అప్పు పత్రాలు, చూడటం.

"వడ్డీ ఇస్తారండి, అబద్ధం కాదు," అన్నాడాయన. "కానీ వాళ్ల నోట్లలో ఇస్తారు. అసలూ వాళ్ల నోట్లలోనే. మన రూపాయి ముందు ఆ నోటు పడిపోయిందనుకోండి, వడ్డీ మొత్తం వచ్చినా మీ చేతికి పెట్టినదాని కంటే తక్కువే రావచ్చు."

"మరి ఎవరూ పెట్టరా సార్?"

"పెడతారండి, నేనూ పెట్టాను. కాకపోతే ఒక్క దేశంలో కాదు, నాలుగైదు దేశాల్లో కొంచెం కొంచెం. పైగా పడిపోయినప్పుడు అమ్ముకోవాల్సిన అవసరం రాని డబ్బే పెట్టాలి. పాప ఆపరేషన్‌కి తేదీ ఉంది కదండీ. ఆ డబ్బు జోలికి వెళ్లకండి."

మర్నాడు టీ ఇస్తూ మామయ్యను అడిగాను. "మామా, చెలకల అంత పత్తే పెట్టినవా ఎన్నడన్న?"

"పిచ్చిదానివా? ఇంట్ల తినేటందుకు జొన్న పెట్టినంకనే పత్తి."

"బుజ్జి ఆపరేషన్ పైసలు జొన్న అనుకో మామా. మిగిలిందాంట్ల పత్తి పెట్టుకుందాం, అదీ ఒక్క రకం కాదు."

ఆయన గ్లాసు కింద పెట్టి మిగిలేదెంతో వేళ్ల మీద లెక్కేశాడు. పక్కనే ఉన్న అవినాష్ మాత్రం నవ్వాడు. "వదినె, పదో తరగతి సగంల ఆపినవు. నాకు ఫారిన్ బాండ్లు చెప్తున్నవా?"

"నీకు చెప్తలేను. నా బిడ్డ పైసలు అడుగుతున్న."

"పక్కకు పెట్టుర్రా దానివి," అన్నాడు మామయ్య.

అలా ఆపరేషన్ డబ్బు రూపాయల్లోనే డిపాజిట్‌లో ఉండిపోయింది. మిగిలినదాంట్లో ఒక చిన్న వాటా, చాలా దేశాల బాండ్లున్న ఫండ్‌లో పెట్టాం. అవినాష్ తన వాటా తీసుకుని మొత్తం ఆ ఒక్క దేశంలోనే పెట్టాడు.

వానాకాలం మధ్యలో ఆ దేశపు నోటు పడిపోయింది. మా ఫండ్ కూడా కొంచెం తగ్గింది. అమ్మాల్సిన పని లేదు గనుక ముట్టుకోలేదు. మెల్లగా లేస్తుందన్న నమ్మకం ఉంది, లేవకపోయినా మా ఇల్లు ఆగదు. బుజ్జి ఆపరేషన్ అనుకున్న తేదీకే అయింది. మిషన్ ఆన్ చేశాక ఒకరోజు నా చేతిలోంచి గరిటె జారితే అది ఉలిక్కిపడి వెనక్కి చూసింది. నేను గరిటె తీసి కావాలనే మళ్లీ పడేశాను.

అవినాష్‌కు సగానికి పైగా పోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా మూసాపేటలో రూమ్ తీసుకుని వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, మామయ్య వెళితే తలుపు తీయలేదు. మేం చూసి నవ్వుతామనుకుంటున్నాడేమో.

మీరు మెట్రోలో అటు వెళ్తుంటే మూసాపేటలో దిగండి. స్టేషన్ వెనక టైర్ల దుకాణం మీద రెండో అంతస్తు. తిన్నాడో లేదో చూడండి. బుజ్జి బాబాయి అనడం నేర్చుకుంటోందని చెప్పండి, తలుపు తీస్తాడు.